తవ్వని గేగులు

పొద్దున్నే పాలు కాస్తుంటే అత్త ఫోన్ చేసింది. "బాబూ, మీ మావయ్య లెగట్లేదు. ఒకసారి రా" అంది. గొంతులో ఏడుపు లేదు. పక్క క్వార్టరే కాబట్టి పొయ్యి ఆపేసి పిట్టగోడ దాటి వెళ్ళాను. వెనక వరండాలో మడతమంచం మీద, మైదానం వైపు తిరిగి పడుకుని ఉన్నారాయన. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అత్త నా మొహం చూసింది. "టీ పెట్టేసినానురా" అంది. ఆ టీ గ్లాసు సాయంత్రం దాకా కిటికీ గట్టు మీదే ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మావయ్య అంటే బంధువు కాదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటులో పనికి భిలాయి వచ్చారు. పక్కపక్క క్వార్టర్లు దొరికాయి. నాన్న తొందరగా పోయారు. అద్దె కడుతూ ఆ క్వార్టర్లోనే ఉండిపోయాం. ఆ తర్వాత మా ఇంటి తలుపు కొట్టి "అల్లుడూ, తిన్నావేటి?" అని అడిగిన మనిషి ఆయనొక్కరే. నేను బడికి పెద్దగా వెళ్ళలేదు. తెలుగు అక్షరాలు కూడా సొంతంగా నేర్చుకున్నవే. హథ్‌ఖోజ్‌ కార్ఖానాల పేటలో ఒక చిన్న వర్క్‌షాపుకి లెక్కలు రాస్తాను. రోజూ జమా ఖర్చు రాయడం అలవాటే గాని, ఒక మనిషి గురించి రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

భిలాయిలో ఉన్న మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. లుంగీ కట్టుకుని, కాళ్ళకి ప్లాంటు బూట్లు వేసుకుని, చేతిలో కర్రతో మా వీధి వెనక మైదానంలో తిరిగే పెద్దాయన.

ఆ మైదానం ఒకప్పుడు మైదానం కాదు. అక్కడ క్వార్టర్లుండేవి. పాతబడ్డాయని కూల్చేసి ఇటుకలు లారీల్లో తీసుకుపోయారు. పెరటి చెట్లు మాత్రం వరసగా అలాగే ఉండిపోయాయి. ఇప్పటికీ ఎవరైనా వచ్చి ఒక మునగచెట్టు దగ్గర నిలబడి "ఇక్కడే మా వంటిల్లు" అంటారు. రిటైరైన కొత్తలో మావయ్య అక్కడ తోట వెయ్యాలనుకున్నారు. గులాబీలు తెచ్చారు, బంతి నారు పోశారు, పాత మంచం పట్టీలతో కంచె కట్టారు. ఆవులొచ్చి అన్నీ తినేశాయి. మళ్ళీ వేశారు, మళ్ళీ తినేశాయి. విసుగొచ్చి వదిలేశారు. ఆ వానాకాలం గడ్డి నడుమెత్తు పెరిగింది. ఇటుకల కోసం తవ్వేసిన గుంటలో నీళ్ళు నిలిచాయి. కొంగలొచ్చాయి, ముంగిసలొచ్చాయి. ఒక పొద్దున కుందేలు కనిపించిందని నన్ను నిద్రలేపి మరీ చెప్పారు.

"నానేటీ సెయ్యలేదురా అల్లుడూ. సెయ్యడం మానేసినాను, అంతే" అనేవారు. ప్లాస్టిక్ సంచులు ఏరడం, తీతువు పిట్ట నేల మీద గుడ్లు పెడితే ఎవరూ తొక్కకుండా చుట్టూ ఇటుక ముక్కలు పేర్చడం, ఆయన చేసిందల్లా ఇంతే.

అత్తకి ఆ పిట్టంటే పడదు. "ఇంటెనకాల తీతువు అరిస్తే మంచిదేటి? ఈ మనిషేమో దానికి కోట కడతన్నాడు!"

"అది అరిసేది నిన్ను సూసేనే. గుడ్లు తొక్కేత్తావని దాని బయిం."

ఇద్దరూ అలా రోజూ పోట్లాడుకునేవారు. ఇప్పుడు ఆ వరండాలో మాటే లేదు. గోడకి ఇటువైపు కూర్చున్న నాకు ఆ పోట్లాట వినపడకపోతే అన్నం దిగట్లేదు.

ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది, గేగులు. తాటి టెంకల్ని మట్టిలో పాతితే లోపలికి దిగే మొలకలు. మిగతా ఆంధ్రాలో తేగలంటారు. ఏటా వానలు వెలిసే వేళకి ఊరు వెళ్ళి బస్తా టెంకలు రైల్లో వేసుకొచ్చేవారు. టీసీ అడిగితే "మా ఊరి మట్టి సామీ" అనేవారు. మైదానం అంచున ఒకే గుట్టగా పోసి మట్టి కప్పేవారు. చలి ముదిరాక తవ్వి, ఉడకబెట్టి, వీధంతా పంచేవారు. పక్క వీధి ఛత్తీస్‌గఢీ అమ్మలు కూడా "భయ్యా, ఈసారి ఎప్పుడు?" అని అడిగి మరీ పట్టుకెళ్ళేవారు.

ఆ మైదానంలో ఇళ్ళు కట్టాలన్న మాట రెండేళ్ళుగా నలుగుతోంది. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేను. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఏడాదికోసారి గడువు పొడిగించమని అడుక్కునే బతుకు. ఇళ్ళు కావాలన్న వాళ్ళలో నేనూ ఉన్నాను. అందరికంటే గట్టిగా అడిగింది మాత్రం అత్తే.

"పెళ్ళయి వచ్చిన కాణ్ణించీ ఈ గోడకి మేకు కొడదామంటే మనిల్లు కాదన్నారు. సచ్చేలోగా సొంత గోడకి ఒక్క మేకు కొడతాను. మీ పిట్టలు ఇంకెక్కడికైనా పోతాయి. నానెక్కడికి పోతాను?"

మావయ్య దరఖాస్తు ఆవిడ పేరు మీద నింపించి, కింద ఆయనే సంతకం పెట్టారు. కాని ఇళ్ళ కమిటీ మీటింగులో లేచి నిలబడి మైదానం వదిలెయ్యమన్నారు. రోడ్డు పక్క పడిపోతున్న ఖాళీ క్వార్టర్లున్నాయి, ఇళ్ళేవో అక్కడ కట్టండి, నీళ్ళూ కరెంటూ ఉన్నాయి అన్నారు. ఆ చోటు దొరకదని సెక్రటరీ చెప్పాడు. అతను ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "అంకుల్, అబ్ క్యా జంగల్ మే రహేంగే హమ్ లోగ్? అడవిలో ఉండాలా మేము? పైగా లిస్టులో మీ ఇంటి పేరుంది!" అన్నాడు. అందరూ నవ్వారు.

"అది మా ఆవిడ పేరు బాబూ. ఇది నా నోరు" అన్నారు మావయ్య. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆయనా నవ్వారు. చేతులెత్తమన్నప్పుడు మాత్రం ఆయన వైపు ఆయన చెయ్యొక్కటే లేచింది. ఇంటికొస్తూ నాతో అన్నారు: "ఇల్లు అడగడం తప్పు కాదురా. మీ అత్త అడిగిందీ నాయమే. రెండు నాయాలుంటే ఒకటి సచ్చిపోద్ది, అంతే."

మొన్న వానలు వెలిశాక ఎప్పట్లాగే టెంకలు తెచ్చారు. ఈసారి గుట్టగా పొయ్యలేదు. కర్రతో గుంట చేసి, ఒక్కొక్క టెంకా వేసి, నాలుగడుగులు నడిచి మళ్ళీ ఇంకోటి. అలా మైదానం పొడుగునా పాతుకుంటూ పోయారు.

"ఇలా పాతితే తవ్వడానికి నడుం విరిగిపోదా మావయ్యా?" అన్నాను.

"తవ్వితే కదా" అన్నారు.

తవ్వకపోతే గేగు తాటిచెట్టవుతుంది. ఎదగడానికి ఒక మనిషి వయసు పడుతుంది. ఆ సంగతి ఆయనకి నేను చెప్పాలా? చెట్లుంటే కొట్టరని ఆశపడ్డారేమో, ఇంకేమనుకున్నారో, నేను అడగలేదు.

దీపావళి తర్వాత ఇళ్ళకి ఒప్పుదల వచ్చింది. మైదానం నిండా సున్నంతో గీతలు గీశారు. మావయ్య ఆ గీతల్ని తొక్కకుండా, ముగ్గు దాటినట్టు దాటుకుంటూ తిరిగేవారు. పోయే ముందు రోజు సాయంత్రం నా దగ్గర ఆగారు.

"నీకూ వచ్చిందటగా ఇల్లు?"

"వచ్చింది మావయ్యా."

"మంచిది. కిటికీ ఇటేపు పెట్టించుకో" అని మైదానం వైపు చెయ్యి చూపించారు.

అప్పటికి అటువైపు చూడ్డానికి ఏమీ మిగలదని ఇద్దరికీ తెలుసు. నేను తలూపాను. ఆయన నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయారు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

కర్మ ముందు రోజు అత్త గునపం పట్టుకుని మా గోడ దగ్గరికొచ్చింది. "రా బాబూ. ఆకులో గేగులు పెట్టాలి. ఆయనకి మరేటీ రుచించదు" అంది. ఇద్దరం వెళ్ళాం. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. మొదటి టెంక ఉన్న చోటు అత్తే చూపించింది. ఆయన పాతుతుంటే వరండాలోంచి అంతా చూసిందట. నేను తవ్వాను. గేగు బాగా దిగి ఉంది. తెల్లగా, లావుగా, సరిగ్గా తినే అదను. అత్త మోకాళ్ళ మీద కూర్చుని దాని చుట్టూ మట్టి వేళ్ళతో తీసింది. పీకడానికి పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఎంతసేపటికీ కదలకపోతే "ఏమైంది అత్తా?" అన్నాను.

"వరసలో ఏసినాడు సూడు. సెట్లవుతాయని, బయిం లేకుండా ఎంతెంత ఎడంగా ఏసినాడో సూడు" అంది. అప్పుడు ఏడ్చింది, ఆయన పోయాక మొదటిసారి.

ఏడుపు ఆగాక మట్టి మళ్ళీ లోపలికి తోసి అరచేతులతో అదమడం మొదలుపెట్టింది.

నేను మెల్లగా అన్నాను, "అత్తా, వచ్చే నెల మిషను వస్తుంది. ఎలాగూ అంతా తవ్వేస్తారు. ఈ చోట మీ ఇల్లే వస్తుంది."

"తెలుసురా. మిసను తవ్వితే తవ్వనీ. నాను తవ్వను."

ఆకులో గేగులు పెట్టలేదు. మావయ్య ఫొటో ఇంకా కుర్చీలోనే ఆనించి ఉంది. కొత్తింటి గోడ లేచాక మేకు కొట్టి తగిలిస్తానంది అత్త.

ఆ రోజు తిరిగొచ్చేముందు ఆవిడ అటూ ఇటూ చూసి, గడ్డిలోంచి ఇటుక ముక్కలు ఏరింది. తవ్వి కప్పిన చోటు చుట్టూ ఒక్కొక్కటే పేర్చింది, తీతువు గుడ్లకి ఆయన పేర్చినట్టే. ఉదయం మా పెరట్లోంచి చూస్తే అది కనిపిస్తుంది. తెల్లటి సున్నం గీతకి లోపల, చిన్న ఎర్ర ఇటుకల గుండ్రం.