బాషా భాయ్ వేసిన ముడి

మొన్న కుప్పంలో రైల్వే గేటు దగ్గర ఆగి ఉంటే, ముందున్న పాత జీపు ఎవరూ ఆక్సిలరేటర్ తొక్కకుండానే గుర్రుమని అరవడం మొదలుపెట్టింది. డ్రైవరు దిగి బానెట్టు మీద ఓ దెబ్బ వేశాడు. నాకు నవ్వు ఆగలేదు, ఆ వెంటనే కళ్లలో నీళ్లూ ఆగలేదు. పుంగనూరు మెకానిక్ బాషా భాయ్ పోయి రెండేళ్లయింది. ఆయనే ఉంటే ఆ డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని, "కొట్టద్దప్పా, అడుగు" అనేవాడు.

మదనపల్లెలో నాకు చిన్న రక్తపరీక్షల ల్యాబు ఉంది. మొదట్లో పుంగనూరు, కుప్పం దాకా తిరిగి నమూనాలు తెచ్చుకునేది మా నాన్న వాడిన పాత కారులోనే. ఒక ఏడు కార్తీకంలో దానికి పూనకం పట్టుకుంది. ఆక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజను ఒకటే గోల. షెడ్డుకు తీసుకెళితే మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా బుద్ధిగా ఉండేది. దగ్గర కదా అని మదనపల్లెలోనే ముగ్గురికి చూపించాను, ముగ్గురూ మూడు సామాన్లు మార్చారు. "అమ్మేయ్, పీడ వదిలిపోతాది" అన్నారు మావారు. శనివారం వాల్మీకిపురం నుంచి కొనేవాళ్లు వస్తామన్నారు. ఆ కారు పోతే నా తిరుగుడు ఆగినట్టే, ల్యాబు సగం మూసుకున్నట్టే. శుక్రవారం పొద్దున ఆఖరి ఆశగా, ఎప్పుడూ సర్వీసింగ్ చేసే భాయ్ దగ్గరికే పోయాను.

"కార్బురేటర్ పోయిండాది భాయ్" అన్నాను, అంతా తెలిసినదానిలా.

ఆయన స్పానరు ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని టీ తెప్పించాడు. "జబ్బు పేరు నాకు సెప్పద్దమ్మా, జరిగింది సెప్పు. ఎప్పుడెప్పుడు అరుస్తాండాది?"

"ఎప్పుడు పడితే అప్పుడే."

"అట్లా ఏ బండీ అరవదు. నిన్న అరిసిందా?"

నిన్న లేదు, మొన్నా లేదు. పోయిన శుక్రవారం అరిచింది. అంతకుముందు వాన పడిన రోజు. ఇవాళ ఇంటి దగ్గర అరిచి, పుంగనూరు వచ్చేసరికి మానుకుంది. శుక్రవారం ఏం చేస్తావంటే, కారు కడిగి బొట్టు పెడతానన్నాను. "బానెట్టు ఎత్తి కడుగుతావా?" ఎత్తే కడుగుతాను, శుభ్రంగా. అప్పుడు భాయ్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

బానెట్టు ఎత్తి చెంబెడు నీళ్లు పోసి, ఇంజను ఆన్ చేయించాడు. కాసేపటికి గోల మొదలైంది. షెడ్డులో ఉన్నవాళ్లందరూ మూగారు. భాయ్ టార్చి వేసి వంగాడు, వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఆక్సిలరేటర్ తీగనూ పక్కనున్న గొట్టాన్నీ కలిపి కట్టిన పసుపు దారం. తడిసినప్పుడల్లా ఆ నూలు బిగుసుకుని తీగను లాగుతోంది. ఇంజను వేడికి ఆరి మళ్లీ వదులవుతోంది.

"ఇది మా అత్త పని" అన్నాను వెంటనే. చెప్పొద్దూ, కాస్త హాయిగా కూడా అనిపించింది. చుట్టూ ఉన్నవాళ్లు నమ్మి తలలూపారు. ఆ మాట అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

"ఆయమ్మను అనద్దు. ఈ ముడి నాది" అన్నాడు భాయ్, అందరికీ వినబడేలా. ఆయుధపూజనాడు పొద్దున నమాజు చేసుకుని వచ్చి, షెడ్డులో ప్రతి బండికీ తన చేత్తోనే దారం కట్టేవాడాయన. ఆ ఏడు నా కారూ సర్వీసింగుకు వచ్చి అక్కడే ఉంది. "ఆ పొద్దు బండ్లు శానా ఉన్నాయి. తొందరలో యాడ కడతాండానో సూసుకోలేదమ్మా." దారం కత్తిరించలేదు. ఓపిగ్గా ముడి విప్పి, లోపలి అద్దానికి కట్టాడు. కారు అమ్మలేదు.

భాయ్ అంతటితో ఊరుకోలేదు. తాను దారం కట్టిన బండ్లను వెతుక్కుంటూ వారం రోజులు మోపెడ్ మీద తిరిగాడు. పెద్దపంజాణిలో ఒకాయన మాత్రం బానెట్టు ఎత్తనివ్వలేదట. "నీ దారంతోనే నా జీపుకు ఊపొచ్చిండాది, ముట్టుకోవద్దు" అన్నాడట.

ఈమధ్య నిమ్మనపల్లె పెద్దాయన ఒకరికి షుగరు భయంకరంగా ఉందని రిపోర్టు ఇచ్చాను. వారం తర్వాత మళ్లీ చూస్తే ఏమీ లేదు. "ఆ రోజు ఏదో తినొచ్చి ఉంటారు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫ్రిజ్‌లో దాచిన పాత ట్యూబు తీసి రక్తం గ్రూపు చూశాను, ఆయనది కాదు. చీటీలు తారుమారయ్యాయి. రాత నాదే. ఆ షుగరు అసలు ఎవరిదో వాళ్లకు ముందు ఫోన్ చేసి, బయటికి వచ్చాను.

"తప్పు నాదే పెద్దాయనా" అన్నాను, బెంచీ మీదున్న వాళ్లందరికీ వినబడేలా.

ఆయన పాత రిపోర్టు మడిచి నా చేతిలో పెట్టాడు. "అయితే వారం దినాలు నేను తినకుండా వదిలేసిన సంగటి ఎవురిస్తారమ్మా?"

ఆ పూట సంగటి మా ఇంటి నుంచే తెప్పించాను. తిని వెళ్లాడు. ఇప్పటికీ మా ల్యాబుకే వస్తాడు. కాకపోతే, ట్యూబు మీద చీటీ అంటించేటప్పుడు పక్కనే నిలబడి అక్షరం అక్షరం చదువుతాడు. నేనూ ఆయనకు బాగా కనబడేలా పెద్ద అక్షరాలతో రాస్తాను.