గుంజలు పట్టుకున్న శుక్రవారం

మా పాస్టరు అయ్యగారు ఏ ఊరికి వాక్యం చెప్పడానికి పోయినా ఆ గుడ్ ఫ్రైడే సంగతి ఎత్తకుండా రారు. ఆయన చెప్పే తీరు ఇట్లా ఉంటుంది. మడికొండలో మా కూడిక ఆపడానికి కొందరు యువకులు వచ్చారట. మా సంఘంలో ఒక సహోదరి కన్నీళ్ళతో నిలబడి మిమ్మల్ని క్షమిస్తున్నానన్నదట. ఆ మాటకు వాళ్ళ గుండెలు కరిగి, తలలు వంచుకుని వెళ్ళిపోయారట. వినేవాళ్ళు చప్పట్లు కొడతారు.

ఆ సహోదరిని నేనే. నేను ఏడవలేదు. క్షమిస్తున్నానని అనలేదు. వాళ్ళ గుండెల సంగతి నాకు తెలియదు గానీ, వాళ్ళను పంపించింది మాత్రం ఏప్రిల్ నెల ఎండ.

ఈ మాట అయ్యగారితో చాలాసార్లు అన్నాను. "సాక్ష్యమంటే వినేవాళ్ళకు బలం రావాలి గదా సిస్టర్" అంటారు. జరిగింది జరిగినట్టు చెప్తే బలం రాదా? నాకైతే జరిగిందే ఎక్కువ బలంగా కనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా మందిరం రేకుల కప్పు వేసిన ఒక్క గది. ముందర మట్టి జాగా, దాని చుట్టూ నడుమెత్తు ప్రహరీ. అది కట్టిననాడు చుట్టూ పత్తి చేన్లే. ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, కాలనీ కమిటీ అన్నీ తర్వాత వచ్చాయి. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకు మేము కొత్తవాళ్ళలాగా కనిపిస్తున్నాం. మా సంఘంలో ఎక్కువమంది ఆ అపార్ట్‌మెంట్లు కడుతున్న కూలి ఆడవాళ్ళు, వాటిలో వంటపని చేసేవాళ్ళు. కొందరు చిన్న ఉద్యోగులు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పీ చెప్పీ గొంతు పెద్దదైన నేనొకదాన్ని.

గుడ్ ఫ్రైడే నాడు మాకు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని ఒక్కొక్కరు ఒక్కో మాట మీద చెప్తారు. తెల్లబట్టలు, ఉపవాసం. మూడు దాటినాక మజ్జిగ. ఏడింటిలో ఒక్క మాట మిగిలిపోయినా సిలువను సగం దారిలో దించి వచ్చినట్టే మాకు.

మొదటి మాట, అంటే తనకు మేకులు కొడుతున్నవాళ్ళను చూసి, పాపం తెలియక చేస్తున్నారు, క్షమించమని ప్రభువు తండ్రిని వేడుకున్న మాట, ఎప్పుడూ మా సంఘపెద్దదే. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఆడవాళ్ళకు మూడోది ఇస్తారు. తల్లిని శిష్యుడికి అప్పజెప్పిన మాట. తల్లి అనగానే మేము గుర్తొస్తాం మరి. ఒకసారి అడిగాను.

"పెద్దయ్యా, మొదటి మాట మా ఆడోళ్ళకు ఎందుకియ్యరు? ఇంట్ల పొద్దుమాపు మేం చేసే పనే అది."

"నీ నోటికి క్షమాపణ సరిపడదు బిడ్డా" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, లోపల మండుతున్నా.

ఆ యేడు గుడ్ ఫ్రైడేకు వారం ముందు కొందరు పిల్లగాండ్లు బండ్లమీద వచ్చి, శుక్రవారం ఇక్కడ పాట వినిపిస్తే మంచిగుండదని అయ్యగారికి చెప్పిపోయారు. మేము పైసలిచ్చి మతం మారుస్తున్నామట. కమిటీ ప్రెసిడెంటు పిలిపించాడు. అయ్యగారి వెంట నేనూ పోయాను.

"గొడవలెందుకు? ఆదివారం పెట్టుకోండి" అన్నాడాయన.

"గుడ్ ఫ్రైడే ఆదివారం ఎట్ల వస్తది సార్?"

"అమ్మా, మీరు జర ఊకోండి."

"ఆపమని మీ సంతకం పెట్టి రాసియ్యండి. ఆపుతం."

రాసివ్వలేదు. అట్లాంటి మాట నోటితో అనేవాళ్ళెవరూ రాసివ్వరు. కానీ శాంతి కోసమని మందిరం తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటానన్నాడు, అయ్యగారు ఇచ్చేశారు. ఆయనకు చిన్నపిల్లలు, అద్దె ఇల్లు. ఆయనను ఏమీ అనను. బయటికి వచ్చాక మాత్రం అన్నాను. "గదికి తాళమేసిన్రు గని, జాగకు ఎయ్యలే గదా అయ్యగారూ. టెంటు ఏపిద్దాం."

టెంటు మాకు కొత్త కాదు. గుడ్ ఫ్రైడేకు జనం గదిలో పట్టరని ముందు జాగాలో ప్రతి యేడూ వేయిస్తాం. టెంట్‌హౌస్ మూలమీదే ఉంటుంది. దాన్ని నడిపే ఆయన హిందువు, నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. టెంటు వేసి పోడు. సాయంత్రం ఇంకో పెండ్లికో పుట్టినరోజుకో అదే టెంటు కావాలి గనుక మూడింటి దాకా వెనకాల కుర్చీల దొంతి మీద కూర్చుంటాడు. మా మజ్జిగ తాగి, టెంటు పీక్కుని పోతాడు. పెద్దయ్య మొదటి మాటలో ఏ కథ తర్వాత ఏ కథ చెప్తాడో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆ శుక్రవారం పొద్దున్నే వచ్చి టెంటు వేశాడు. అప్పటినుంచి మా మగవాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. రెండో మాట చెప్పాల్సినాయనకు జ్వరం. నాలుగో మాటాయనకు డ్యూటీ పడింది. పెద్దయ్య ఫోనైతే స్విచాఫ్.

పన్నెండయ్యేసరికి తెల్లచీరలు మాత్రం వచ్చేశాయి. అపార్ట్‌మెంట్లలో పని పోతుందని తెలిసీ వచ్చారు. వాళ్ళ వెనకే బండ్లూ వచ్చాయి. గేటు దగ్గర ఆపి, ఫోన్లు పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు.

"మొదటి మాట..." అని అయ్యగారు చుట్టూ చూశారు. పెద్దయ్య కుర్చీ ఖాళీ. నేను లేచాను.

గదికి తాళం గనుక కరెంటు లేదు, మైకు లేదు. నాకు మైకు ఎప్పుడూ అవసరం పడలేదు.

"ఎంతిచ్చిన్రు మేడమ్ మీకు?" గేటు దగ్గర ముందున్నవాడు అరిచాడు.

"ఉపాసముండి ఎండల నిలవడెటందుకు ఎవలన్న పైసలిస్తరా బిడ్డా? నీకేమన్న ఇచ్చిన్రా?"

మా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆరాధన నడుమ నవ్వకూడదు.

అప్పుడు వాళ్ళవైపు తిరిగే చెప్పాను. "మా ప్రభువు ఎదురుగ ఉన్నోళ్ళను, తెలియక చేస్తాన్రు, క్షమించుమన్నడు. ఆయనది అంత పెద్ద మనసు. నాది పంతులమ్మ మనసు. తెలియకపోతే చెప్తా. వినుండ్రి. ఈమె మీ అపార్ట్‌మెంటుకు ఇటుకలు మోసింది. ఆమె మీ ఇండ్లల్ల వంట చేస్తది. ఈ మూడు గంటలు దేవుని ముందర కూసుంటరు, మజ్జిగ తాగి ఇంటికి పోతరు. ఇక్కడ జరిగేది గింతే. ఇగ మీకు తెలిసింది. రేపటి సంది తెలియక చేసినం అనే మాట మీకు చెల్లది."

కన్నీళ్ళ సహోదరి చెప్పిన క్షమాపణ ఇదీ.

ముందున్నవాడు నన్ను వదిలేసి, వెనకాల కుర్చీల దొంతి మీదున్న టెంట్‌హౌస్ ఆయనను కేకేశాడు. "ఏయ్, నీ టెంటు పీకుతవా, నీ గోదాం సంగతి చూడుమంటవా?"

ఆయన లేచాడు. నావైపు చూడలేదు. మూల గుంజ దగ్గరికి పోయి తాడు విప్పాడు.

టెంటు ఒక పక్కకు ఒరిగింది. పిల్లలు కేకలు పెట్టారు. అప్పుడు మా సంఘంలో ఇటుకలు మోసే ఆమె లేచిపోయి ఆ ఇనుప గుంజను రెండు చేతులా పట్టుకుంది. సైటు మీద పరంజా కదిలితే పట్టుకునే మనిషి, ఆలోచించలేదు. ఆయన రెండో గుంజకు పోయాడు. అక్కడ ఇంకొకామె. తాడు విప్పుతుంటే ఒక్కో గుంజకు ఒక్కో తెల్లచీర వచ్చి నిలబడింది. గుంజలు కాలుతుంటే కొంగులు చుట్టుకున్నారు. అయ్యగారు కూడా ఒకటి పట్టుకున్నారు. ఆ సంగతి ఆయన సాక్ష్యంలో ఎందుకో చెప్పుకోరు.

"విప్పిన. ఇగ పడ్తది" అని ఆ పిల్లగాండ్లకు చెప్పి టెంట్‌హౌస్ ఆయన వెళ్ళిపోయాడు.

పడలేదు. రెండో మాట వంటపని చేసే ఆమె చెప్పింది. జీవితంలో మొదటిసారి పదిమంది ముందు నోరు విప్పింది, గుంజ వదలకుండానే. చెప్పేవాళ్ళకు చేతులు నొప్పిపుడితే ఇంకొకరు అందుకున్నారు. ఎదురింటి ముసలమ్మ, నుదుట ఇంత బొట్టు, మా పాటలకు నిద్ర పాడైతాందని ఏడాదంతా తిట్టే మనిషి, గోడవతల నుంచి కాసేపు చూసి, గేటు దగ్గర బండ్లను పక్కకు జరుపుమని గద్దించి లోపలికొచ్చింది. "నేను మతం మార్తలేను. గుంజ పట్టుకుంటాన, గంతే" అని ఒక గుంజ పట్టుకుంది.

గేటు దగ్గరివాళ్ళకు కష్టమొచ్చింది. బండ్ల సీట్లు కాలిపోతున్నాయి. ఆ చుట్టుపక్కల నీడ ఉన్నది ఒక్క మా టెంటు కిందే. మూడో మాటకు కొందరు పోయారు, నాలుగో మాటకు ఇంకొందరు. ఐదోది ప్రభువు దాహమడిగిన మాట. ఇటుకలు మోసే ఆమె చెప్పింది. "దూపైతాందని ఆయన అడిగితే పులిసిన రసం అందిచ్చిన్రు. దూప అంటే నాకెరుకే. రేకుల కింద పని చేసినోళ్ళకు ఎరుక" అన్నది. ఎదురింటి ముసలమ్మ తన గుంజ నా చేతికిచ్చి, ఇంటికి పోయి బిందె తెచ్చింది. మాకు ఉపవాసమని తెలుసు గనుక నేరుగా గేటు దగ్గర మిగిలిన ఇద్దరికి పోసింది. నేనైతే పోయకపోదును. వాళ్ళు తాగారు, మూతులు తుడుచుకున్నారు, బండి స్టార్ట్ చేశారు. అయ్యగారు చెప్పే గుండెలు కరగడం అది.

మూడింటికి అయ్యగారు ఏడో మాట ముగించి ఆమెన్ అన్నారు. అప్పుడు, అందరం ఒక్కసారే, గుంజలు మెల్లగా దించాం. టెంటు మా తలల మీద తెల్లగా కూలింది, పిల్లలు దాని కింద కేరింతలు కొట్టారు. మజ్జిగ గ్లాసు ఎత్తడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఒకరికొకరం తాగించుకున్నాం. అంత సంతోషంగా గుడ్ ఫ్రైడే ఇంకెప్పుడూ జరగలేదు. అది సంతోషపడే రోజు కాదని తెలుసు.

మమ్మల్ని నవ్వులపాలు చేయడానికి తీసిన వీడియో కాలనీ గ్రూపుల్లో తిరిగింది. అందులో కనిపించింది తెల్లచీరలు గుంజలు పట్టుకుని నిలబడటం, నడుమ బొట్టు పెట్టుకున్న ఒక ముసలమ్మ. ప్రెసిడెంటు ఇంట్లో వంట చేసేది కూడా ఆ చీరల్లో ఒకామెనే. ఆదివారం ఈస్టర్ పండుగ నాటికి తాళంచెవి మందిరం గేటుకు వేలాడుతూ కనిపించింది. ఎవరు పెట్టారని మేం అడగలేదు.

మరుసటి యేడు జనం రెండింతలయ్యారు. జ్వరాలు తగ్గినవాళ్ళూ వచ్చారు. పెద్దయ్య మొదటి మాట కోసం తన కుర్చీలో కూర్చున్నాడు.

"పెద్దయ్యా, మీకు మూడో మాట పెట్టినం. తల్లి గురించి మంచిగ చెప్పుండ్రి" అన్నాను.

చెప్పాడు. చచ్చిపోయిన వాళ్ళమ్మను తలుచుకుని ఏడ్చాడు కూడా. నిజంగా మంచిగ చెప్పాడు.

ఇన్నీ తేలాయి. తేలనిది ఒక్కటే. టెంట్‌హౌస్ ఆయన పనితనం నేను ఏళ్ళుగా చూస్తున్నాను. టెంటు పీకేటప్పుడు ఆయన తాళ్ళ జోలికి ముందు పోడు. నడిమి గుంజను ఒక్క తన్ను తంతాడు, టెంటంతా ఒక్కసారి పడిపోతుంది. ఆ రోజు నడిమి గుంజను ముట్టుకోలేదు. ఒక్కో తాడూ విప్పాడు, అదీ నిదానంగా. విప్పిన ప్రతిచోటా ఒక ఆడమనిషి చెయ్యి వచ్చేదాకా గుంజ పక్కనే నిలబడ్డాడు. లేక నాకు అట్లా అనిపించిందా? భయంతో చేతులు ఆడక ఆలస్యమైందా?

ఇప్పటికీ ఆయనే వచ్చి టెంటు వేస్తాడు, మేకులు మునుపటికన్నా లోతుగా దిగగొడతాడు. అడిగితే, "ఎండల నాకేం యాదికుంటదక్కా" అని నవ్వి మజ్జిగ అడుగుతాడు. మా ఏడు మాటలను మా అందరికన్నా ఎక్కువగా విన్న మనిషి. ఆ తాళ్ళు విప్పుతున్నప్పుడు తానేం చేస్తున్నాడో ఆయనకు తెలుసా, తెలియదా?