జానెడు దారం

మూడేళ్లుగా నేను పశువైద్య శాఖ పై ఆఫీసుకు రాస్తూనే ఉన్నాను, ఇప్పటికి ఆరుసార్లు. రిజిస్టరు పోస్టు రసీదులన్నీ నా దగ్గర ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కటీ లేదు. స్వయంగా వెళితే వరండాలో బల్ల చూపించి, భోజనాలయ్యాక రమ్మన్నారు. భోజనాలయ్యాక సారు లేరన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక గుమస్తా నన్ను చూసి, "పిల్లి పెద్దాయన మళ్లా వచ్చినాడు" అని పక్కవాడితో అని నవ్వాడు. వినబడదనుకున్నాడేమో, నాకు వినబడింది. ఆ బల్ల, ఆ నవ్వు రెండూ గుర్తున్నాయి. ఇవాళ ఉదయం మా వీధిలో పడుగుకు గంజి పెడుతున్నారు. మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను వీధి పొడవునా సాగదీసి, బియ్యపు గంజి పట్టించి ఎండలో ఆరబెడతారు. ఆ పుల్లటి వాసన కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే మగ్గం మీద నా చేయి ఆగిపోయింది. ఇక ఆఫీసుకు రాసి లాభం లేదు, నలుగురూ చదివేలా రాద్దామనుకున్నాను.

మా ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టర్ సుంకమ్మగారు ఐదేళ్లు పనిచేశారు. కోయిలకుంట్ల పక్కన రైతుల ఇంట పుట్టిన మనిషి. ఆమె చనిపోయి ఏడాది దాటింది. ఆమె ఫైలులో నేను పెట్టిన ఫిర్యాదు ఒకటి ఉంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని తర్వాత నేను రాసిన కాగితాల్లో ఒక్కటైనా దాని పక్కన చేరిందా లేదా అన్నది నాకు తెలియాలి. నేను ముఖ్యంగా అడుగుతున్నది అదే. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా పిల్లి సంగతి చెప్పాలి.

నేసేవాళ్ల ఇంట్లో పిల్లి ముద్దుకోసం ఉండదు. గంజి వాసనకు ఎలుకలు వస్తాయి, వచ్చి పడుగు కొరుకుతాయి. ఒక్క రాత్రి కొరికితే వారం పని పోతుంది. అందుకని మా నాన్న కాలం నుంచీ, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మా మగ్గం గుంట దగ్గర పిల్లి ఉంటుంది. ఇప్పటి పిల్లి పేరు కండె. నూలు చుట్టిన కండెలాగా గుండ్రంగా చుట్టుకొని పడుకుంటుందని నా భార్య సరస్వతి పెట్టిన పేరు. ఒకసారి దానికి ముక్కు కారి, తిండి మానేసింది. ఒళ్లు వేడిగా ఉంది. కండెల బుట్టలో పెట్టుకొని ఆసుపత్రికి వెళ్లాను. వరుసలో మేకలు తోలుకొచ్చిన ఒకాయన బుట్టలోకి తొంగిచూసి, "ఏమప్పా, పిల్లికి గూడా సూదేపిస్తావా? దానికి ఆధార్ కార్డు గూడా తీపియ్యకపోతివి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

డాక్టరమ్మ పిల్లిని పట్టి చూశారు. నోరు తెరిచారు, పొట్ట నొక్కారు, చెవి పెట్టి ఊపిరి విన్నారు. చివరికి, "జలుబప్పా. సూది అక్కర్లేదు. ముక్కు తడిగుడ్డతో తుడువు. చేపల పులుసో ఏదో వాసన తగిలేటట్ల వెచ్చగా పెట్టు. రెండు దినాలు చూడు. అప్పటికీ తినకపోయినా, ఊపిరి ఎగబోసినా వెంటనే తీసుకొని రా" అన్నారు. నా కళ్ల ముందే అంతకుముందు బర్రెకు సూది వేశారు, మేకకు వేశారు. మాది చిన్న ప్రాణమని లెక్కలేదనుకున్నాను. జేబులోంచి జ్వరం మాత్ర తీసి, "సరే, ఇదన్నా పావు ముక్క ఏస్తాను" అన్నాను. మేము జ్వరానికి వేసుకునే మాత్రే. ఆమె నా చేతిలోంచి దాన్ని లాక్కొని చెత్తబుట్టలో పడేశారు. "మనిషికి మందైతే పిల్లికీ మందేనా? ఇది దానికి విషం. ఇంటికిపోయి వేస్తే రేపు శవాన్ని తీసుకొస్తావు. పెద్దవానివి, తెలియకపోతే అడగల్ల గదా" అన్నారు.

అంతమందిలో అన్నారు. మేకలాయన ఈసారి నవ్వకుండా నన్ను జాలిగా చూశాడు, అది ఇంకా బాధగా అనిపించింది. ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే పై ఆఫీసుకు రాశాను. వైద్యం నిరాకరించారు, మందు పారేశారు, నలుగురిలో అవమానించారు. తేదీ, సమయం, అక్కడున్నవాళ్ల పేర్లతో సహా రాశాను. రెండో రోజుకు కండె లేచి తినడం మొదలుపెట్టింది. అప్పటికే కాగితం పోస్టులో పడింది. పడకపోయినా ఆపేవాణ్ణి కాననుకుంటాను. పిల్లి బాగైనంత మాత్రాన నన్ను అన్న మాట అనకుండా పోదు కదా అన్నది నా వాదన.

నెల తిరగకముందే ఇలాంటి గంజి రోజే వచ్చింది. పని ముగించి లోపలికి వస్తే కండె మూలన కూర్చొని కక్కుతోంది. నోటి పక్కనుంచి తెల్లటి దారం వేలాడుతోంది. గంజి రుచికి తెగిన దారం ముక్కను నాకుతూ మింగేసిందని అర్థమైంది. నలభై ఏళ్లుగా దారం పట్టిన చేతులు నావి. చిక్కుపడ్డ దారాన్ని ఎంత వదలాలో, ఎంత లాగాలో నా వేళ్లకు తెలుసు. రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగాను. జానెడు వచ్చింది. తర్వాత ఆగింది. ఇంకొంచెం బిగించాను. అప్పుడు కండె అరిచిన అరుపు మనిషి అరుపులా ఉంది. సరస్వతి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వదులయ్యా. డాక్టరమ్మ దగ్గరికి పోదాం పా."

"ఆ మనిషి దగ్గరికి నేను రాను."

"నీ మీద నాకేం బెంగ లేదు. పిల్లిని ఇట్లియ్యి, నేను పోతా."

నేనే వెళ్లాను. డాక్టరమ్మ కండె నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించారు. దారం నాలుక కింద మెలిపడి, రెండో కొస గొంతులోకి దిగిపోయింది. "లాగినావా?" అన్నారు. లేదన్నాను. ఆమె నా వైపు చూడలేదు, దారం వైపే చూస్తూ మళ్లీ అడిగారు. "నిన్ను తిట్టేదానికి కాదప్పా. ఎంత లాగినావో తెలిస్తే లోపల ఎంత దెబ్బ తగిలుంటాదో నాకొక అంచనా దొరుకుతాది."

"జానెడు" అన్నాను.

"చీర అంచులో ఒక్క దారం పట్టుకొని లాగితే బట్ట ఏమైతాది?"

"కుచ్చులు పడుతుంది."

"పేగు గూడా అంతే. దారం మీద కుచ్చులుగా పడుతుంది. ఇంకా లాగితే ఆ దారమే పేగును కోస్తాది. ఇప్పుడు అర్థమాయెనా?" నాకు అర్థమైంది. నా భాషలో నాకు చెప్పినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. సర్కారు బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లెవరూ నాకు ఏదీ విడమరిచి చెప్పలేదు. ఇక్కడ వేలిముద్ర వెయ్యి, అక్కడ నిలబడు, అంతే.

తర్వాత ఆమె స్టూలు లాక్కొని నా ఎదురుగా కూర్చున్నారు. అదీ నాకు కొత్తే. "విను. కడపకు తీసుకుపోతే ఎక్స్‌రే ఉండాది, మత్తు ఇచ్చేదానికి వేరే డాక్టరు ఉంటాడు. కానీ బస్సులో మూడు గంటలు, ఈ లోపల పేగు తెగితే నేను చెప్పలేను. ఈడనే ఇప్పుడే కోయొచ్చు. ఎక్స్‌రే లేదు, తెరిచినాకనే తెలుస్తాది. బతకొచ్చు, బల్ల మీదనే పోవొచ్చు. ఊరికే చూద్దామంటే కక్కుతాండే పిల్లి విషయంలో నేను ఒప్పుకోను. తెరిచి చూసి పేగంతా పాడైపోయి ఉంటే, మేలుకోనీయకుండా నిద్రలోనే పంపించమంటావా అనేది గూడా ముందే చెప్పల్ల."

"మీరే చూడండి మేడమ్. నాకేం తెలుసు?"

"ఇప్పుడు తెలిసింది గదా, చెప్పినాను గదా. పిల్లి నీది. మాట నువ్వు చెప్పల్ల."

మీ పిల్లి అయితే ఏం చేస్తారని అడిగాను. "ఈడనే కోపిస్తా. కానీ నా చేత కాదు, నా పిల్లయితే నాకు చేతులు వణుకుతాయి" అన్నారు. ఆ మాటకు నాకు ధైర్యం వచ్చింది. కోయమన్నాను. నిద్రలో పంపించే మాట వస్తే నన్ను లోపలికి పిలవమన్నాను. పిలవలేదు. గంటన్నర తర్వాత ఆమె గ్లవుజులు విప్పుకుంటూ బయటికి వచ్చి, "రెండు చోట్ల తెరవాల్సి వచ్చింది. నువ్వు ఆపినావు కాబట్టి సరిపోయె" అన్నారు. ఆపింది నేను కాదు, సరస్వతి. ఆ సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు.

పది రోజుల తర్వాత కుట్లు విప్పించడానికి వెళ్లేసరికి ఆసుపత్రిలో పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. ఆమెకు బదిలీ అయింది. కుట్లు విప్పి, కండెను బుట్టలో పెట్టి, బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశారు. నా అర్జీ నకలు. పక్కన సంజాయిషీ అడుగుతూ పైనుంచి వచ్చిన ఉత్తరం.

"బాగా రాసినావప్పా. తేదీలు సరిగ్గా ఉండాయి. మాత్ర పారేసిన మాట నిజం, నలుగురిలో అన్న మాట నిజం. అది మెల్లగా చెప్పుండొచ్చు, చెప్పలేదు. పొద్దున్నించి డెబ్బై బర్రెలు చూసినా ఆ దినం. నీ కాగితంలో ఒకటే తక్కువైంది. సూది ఎందుకు వెయ్యలేదో నన్ను అడిగినావా? అడిగుంటే ఇందులో అది గూడా రాసుందువు."

"ఇది మీకు ఎప్పుడు వచ్చింది మేడమ్?"

"నీ పిల్లి దారం మింగేదానికి ముందు దినం" అన్నారు, కాగితం మళ్లీ సొరుగులో పెడుతూ. అంటే ఈ కాగితం లోపల ఉండగానే, ఆ సొరుగు పక్కనే ఆమె నా ఎదురుగా కూర్చొని నాలుగు దారులూ చెప్పారు. నా వల్లనే మీకు బదిలీ అయిందా అని అడిగాను. "నాకేం తెలుసు? వాళ్లు కారణాలు చెప్పరు" అన్నారు. తర్వాత కండె తల నిమిరి, "దారం ముక్కలకు మూత డబ్బా పెట్టుకో" అన్నారు. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే.

ఇప్పుడు మా వీధిలో ప్రతి మగ్గం పక్కన మూత డబ్బా ఉంది. పెట్టనివాళ్లతో నేను పోట్లాడతాను. మొన్న పక్కింటి కుర్రాళ్లు గజ్జి పట్టిన వీధికుక్కకు పాత ఇంజనాయిలు పూయబోతే అడ్డుపడి ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరును నిలబెట్టి అడిగాను: ఏం జబ్బు, ఈ మందు ఎందుకు, వెయ్యకపోతే ఏమవుతుంది, ఇంకో దారి ఉందా. ఆయన విసుక్కున్నారు. విసుక్కున్నా చెప్పారు, కుక్కకు బొచ్చు మళ్లీ వస్తోంది. కండె ముసలిదైంది, ఈ వాక్యం రాస్తుంటే కూడా మగ్గం గుంట అంచున చుట్టుకొని పడుకొని ఉంది. నలుగురిలో ఆమె నన్ను అన్న మాట నేను ఇంకా మర్చిపోలేదు. ఆ మాట తప్పు కాదని తెలిసినా మర్చిపోలేదు. మర్చిపోవడం నాకు చేతకాదు, అందుకే అడగడం కూడా మానలేను.

అయ్యా, పై ఆఫీసువారూ, నేను రాసిన అన్ని కాగితాల్లోనూ మీరు పట్టించుకున్నది ఆ ఒక్క ఫిర్యాదునే. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసిన వాటిలో ఒక్కటైనా ఆమె ఫైలులో చేరిందా? ఆమెను నా కాగితం వల్లనే మార్చారా, కాదా? ఆమె అడిగినప్పుడు నేను మొదట అబద్ధం చెప్పి, రెండోసారి నిజం చెప్పాను. మీకు ఇది ఏడో అవకాశం. నేను లాగిన దారం లోపల ఎంత కోసిందో తెలిసినవాళ్లు మీరొక్కరే. అవుననో కాదనో, కింద సంతకం పెట్టి, నాకు రాయండి.