తీసేసిన రెండు కామాలు

ఇంగ్లీషులో ‘హూ’ అనే మాట ముందు కామా పెడితే ఒక అర్థం, పెట్టకపోతే ఇంకో అర్థం అని చెప్తే మా ఇంట్లోనే ఎవరూ పట్టించుకోరు. “నీకు వేరే పనేం లేదా?” అంటాడు మా ఆయన. పని ఉండబట్టే చెప్తున్నాను. పదమూడేళ్లు పార్ట్‌టైమ్ టీచర్‌గా పడి ఉన్న బడిలో నాకు రావాల్సిన పర్మనెంట్ ఉద్యోగం ఆ కామా వల్లే రాకుండా పోయింది. కామా పాపం ఏం చేసింది లెండి. దాన్ని తీసేసిన చేతి వల్ల పోయింది.

జరిగింది అర్థం కావాలంటే ముందు కాస్త పాఠం వినాలి. ఓర్చుకోండి.

“కుప్పంలో ఉండే మా చెల్లెలు నర్సు” అంటాం తెలుగులో. నాకు ఉండేది ఒకే చెల్లెలా, ముగ్గురుంటే వాళ్లలో కుప్పంలో ఉండే చెల్లెలి సంగతి చెప్తున్నానా? ఆ వాక్యాన్ని ఎంత పిండినా ఆ సంగతి రాలదు. వినేవాళ్లకు మన ఇల్లూ వాకిలీ తెలుసు కాబట్టి మనకు గడిచిపోతుంది. ఇంగ్లీషుకు మన ఇల్లు తెలియదు, కాగితం మీదే తేల్చమంటుంది. ‘మై సిస్టర్ హూ లివ్స్ ఇన్ కుప్పం’ అని కామా లేకుండా రాస్తే నాకు ఇంకా చెల్లెళ్లున్నారు, వాళ్లలో ఈమె అని. ‘మై సిస్టర్, హూ లివ్స్ ఇన్ కుప్పం,’ అని అటొకటి ఇటొకటి కామా పెడితే ఉండేది ఒకతే, కుప్పం సంగతి ఊరికే చెప్పిన ముచ్చట. కామా లేని ముక్క మనుషుల్ని ఏరుతుంది. కామాల మధ్య ఉన్న ముక్క ఎవర్నీ ఏరదు, అందర్నీ కలుపుకుని పోతుంది. పాఠం ఇంతే. దీన్ని రిలేటివ్ క్లాజ్ అంటారు, అందులో ఏరే రకాన్ని డిఫైనింగ్ క్లాజ్ అంటారు. పిల్లలకు చెప్పడానికి నాకు నాలుగు పీరియడ్లు పడతాయి, పరీక్షలో దానికి వచ్చేది రెండు మార్కులు.

మాట్లాడేటప్పుడు ఈ బాధ లేదు. మా బడి స్టాఫ్ రూంలో ఇంగ్లీషు ఎట్లా ఉంటుందంటే, “దట్ సదుం గర్ల్ ఈజ్ దేర్ నో, షీ ఓన్లీ స్పిల్ట్ ది ఇంక్.” సదుం ఊరి పాప ఉండాది సూడు, ఆ పాపే ఇంకు ఒలకబోసింది. ‘హూ’ లేదు, ‘విచ్’ లేదు. మనిషిని ముందు తెచ్చి నిలబెట్టి, తర్వాత ఆ మనిషి మీద చెప్పాల్సింది చెప్తారు. కొత్తలో నేను దిద్దేదాన్ని. తర్వాత మానుకున్నాను. మనకు తెలిసిన మనుషుల గురించి మాట్లాడుకోడానికి అది చాలు. ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్లు కూడా నోటితో మాట్లాడేటప్పుడు సగం చోట్ల ‘దట్’ మింగేస్తారు. ‘ది బస్ ఐ మిస్డ్’ అంటారు. మనవాళ్లు ఒకటి ఎక్కువేసి ‘ది బస్ విచ్ ఐ మిస్డ్ ఇట్’ అంటారు. తప్పిపోయిన బస్సును రెండుసార్లు తలుచుకోవడం మనకు అలవాటు.

ఇవన్నీ నేను నేర్పింది ఒక మనిషికి. ఆమె మా బడిలోనే సోషల్ చెప్పేది, నాలాగే పార్ట్‌టైమ్. పుట్టింది కుప్పంలో, అత్తగారిల్లు మా పుంగనూరులో, మా వీధికి రెండు వీధుల అవతల. నాకంటే పదేళ్లు చిన్న. రోజూ పొద్దున పుంగనూరులో ఒకే బస్సు ఎక్కి మదనపల్లెలో దిగేవాళ్లం, సాయంత్రం ఒకే బస్సులో వెనక్కి. ఇంగ్లీషు వస్తే పై తరగతులు ఇస్తారని ఆమె ఆశ. టమాటా లారీ ముందర పోతుంటే మా బస్సు దాని వెనక నత్తలాగా పోయేది. ఆ లారీ మీదే పాఠం. “ది లారీ దట్ ఈజ్ బ్లాకింగ్ అజ్, చెప్పు. ఇప్పుడు ‘దట్’ తీసి చెప్పు.” మా వెనక సీటులో ఎవరైనా కూర్చుంటే నవ్వేవాళ్లు.

“అక్కా, ఈ కామా ఎట్లా గుర్తు పెట్టుకునేది?” అని అడిగింది ఒకసారి.

“పెళ్లి పిలుపు అనుకో. ‘వీధిలో వాళ్లు అందరూ రండి, మీరు మాకు కావాల్సినోళ్లు’ అంటే కామా ఉన్నట్టు. ‘వీధిలో మాకు కావాల్సినోళ్లు రండి’ అంటే కామా లేనట్టు. రెండో పిలుపుకు పోయేముందు, మనం కావాల్సినోళ్లమా కాదా అని ఆలోచించుకోవాల.”

చాలాసేపు నవ్వింది. ఇంకెప్పుడూ ఆ పాఠంలో తప్పు చెయ్యలేదు. మంచి విద్యార్థి. ఆ మాట నేను ఇప్పుడు కూడా కాదనను.

కరోనా వచ్చి బడి మూసినప్పుడు ఫోన్లో క్లాసులు చెప్పాం. నేను మూడు వారాలు చెప్పానో లేదో, గర్భసంచి ఆపరేషన్ పడింది. కుట్లు మానక ఇంకోసారి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. నా క్లాసులన్నీ ఆమే చెప్పింది, తన క్లాసులు కాకుండా. కాగితం మీద పాఠం రాసుకుని, మంచం మీద ఉన్న నాకు ఫోన్‌లో చదివి వినిపించి, సరేనంటే చెప్పేది. ఆమె లేకపోతే ఆ పిల్లలు ఆ యేడు ఇంగ్లీషు మొహం చూసేవాళ్లు కాదు. ఈ ఉపకారం నేను పది మందికి చెప్పుకున్నాను.

ఈ యేడు బళ్లు తెరిచే ముందు, పార్ట్‌టైమ్ వాళ్లను పర్మనెంట్ చేసే ఆలోచన ఉందని మేనేజ్‌మెంట్ నుంచి మాట బయటికొచ్చింది. మేం ఐదుగురం. అందరం కలిసి ఒక ఉత్తరం ఇద్దామనుకున్నాం. రాయాల్సింది ఎవరు, నేనే. బస్సులోనే ఒక ప్రశ్నపత్రం వెనక రాశాను. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: ఈ బడి పార్ట్‌టైమ్ టీచర్లు, కామా, గేట్లు మూసినప్పుడు ఫోన్లో క్లాసులు నడిపినవాళ్లు, కామా, వీళ్లను పర్మనెంట్ చెయ్యవలసిందిగా కోరుతున్నాం. కామాల మధ్య ఉన్నది పొగడ్త. కష్టకాలంలో మేం బడిని వదల్లేదు అని గుర్తు చెయ్యడం. ఐదుగురికీ కలిపి.

టైపు చేయించి తెస్తానంది ఆమె. బస్టాండు దగ్గర షాపులో చేయించి తెచ్చింది. రెండు పేజీలు. సంతకాలు రెండో పేజీలో. రాసింది నేనే గదా అని మొదటి పేజీ తిప్పి చూడకుండా సంతకం పెట్టాను. పదో తరగతి పిల్లలకు ‘మళ్లీ చదవకుండా పేపర్ ఇవ్వద్దు’ అని ప్రతి యేడూ చెప్పే మనిషిని.

బళ్లు తెరిచిన వారంలో కరెస్పాండెంట్ మమ్మల్నిద్దర్నీ పిలిపించాడు. పెద్దాయన, బడి నడిపే ట్రస్టు తరఫున అన్నీ ఆయనే చూస్తాడు. మాట మెత్తన, కళ్లద్దాలు ముక్కు మీద. ఆయన ముందు మా ఉత్తరం, పక్కన ఒక రిజిస్టర్.

“కూర్చోండమ్మా. మీ అర్జీ చదివినా. ఫోన్లో క్లాసులు నడిపిన టీచర్లను పర్మనెంట్ చెయ్యమని మీరే రాసినారు. మాకూ అది న్యాయంగానే ఉండాది. అయితే రిజిస్టర్ సూస్తే నీ పేరు మూడు వారాలే ఉండాదమ్మా. ఆ తర్వాత నీ క్లాసులన్నిట్లో ఈ అమ్మ పేరే ఉండాది.”

“సార్, ఆ ఫోన్ క్లాసుల మాట మా అందరి గురించి ఊరికే చెప్పిన మాట. మనుషుల్ని ఏరడానికి రాసింది కాదు.”

“ఏరలేదని యాడుంది?”

“కామాలు చూడండి సార్” అని లేచి కాగితం నా వైపు తిప్పుకున్నాను.

లేవు. ‘టీచర్స్’ తర్వాత లేదు. ‘గేట్స్ వర్ క్లోజ్డ్’ తర్వాత లేదు. మిగతా ఉత్తరం నిండా ఎక్కడుండాల్సిన కామా అక్కడుంది. నా వేలు కాగితం మీద అట్లాగే ఆగిపోయింది. అప్పుడు కూడా నాకు వచ్చిన ఆలోచన ఒకటే, టైపు షాపాయన పొరపాటని.

“టైపింగ్‌లో పోయినాయి సార్. దీన్నే తెలుగులో అనుకోండి. ‘ఫోన్లో క్లాసులు చెప్పిన మా టీచర్లు’ అంటే అందరమనే వస్తుంది గదా. మీకు మేం ఐదుగురమూ తెలుసు.”

ఆయన మెత్తబడ్డాడు. నాకు తెలుస్తూనే ఉంది. తెలుగులో ఆ వాక్యాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, ఆయనకు నన్ను పంపించెయ్యాలని పంతమేమీ లేదు. ఆమె వైపు తిరిగి, “ఏమమ్మా, టైపు చేయించింది నువ్వే గదా. నువ్వేమంటావు?” అన్నాడు.

అంతసేపూ ఆమె తన హ్యాండ్‌బ్యాగు జిప్పు చూస్తూ కూర్చోనుంది. తల ఎత్తకుండానే చెప్పింది.

“కామా లేదు సార్. కామా లేకపోతే అది డిఫైనింగ్ క్లాజ్. ఎవరు క్లాసులు నడిపినారో వాళ్లకు మాత్రమే వర్తిస్తుంది.”

డిఫైనింగ్ అని, ‘ఫై’ మీద ఒత్తి, కొంచెం ఆగి, క్లాజ్. అది నేను చెప్పే తీరు. బస్సు హారన్ల మధ్య ఆమెకు వినపడాలని అట్లా ఒత్తి చెప్పేదాన్ని.

కరెస్పాండెంట్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇంగ్లీషు మేడం, ఈమె చెప్పేది గ్రామర్ ప్రకారం కరెక్టేనా?” అని నన్నే అడిగాడు.

నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ గదిలో నన్ను కాదనగలిగింది ఆమె ఒక్కతే. కానీ ఆమె ముందు ఆ పాఠాన్ని తప్పు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“కరెక్టే సార్” అన్నాను.

వరండాలోకి వచ్చాక అడిగాను.

“ఏమే, రెండు కామాలు. టైపు షాపాయన తిన్నాడా?”

“అక్కా, ఈడ వద్దు. అందరూ సూస్తాండారు.”

“సూడనీ. నీకు టైపింగ్‌లో ఏం పోయినాయో వాళ్లకూ చెప్పు.”

“నాలుగే పోస్టులంటక్కా.” గొంతు తగ్గించింది. “క్లర్క్ ముందే చెప్పినాడు. ఐదుగురికీ అడిగితే అందర్నీ పక్కన పెడతారంట.”

“నాకెందుకు చెప్పలా?”

“చెప్తే నువ్వు ఊరుకుంటావా? ఆఫీసులోకి పోయి కొట్లాడతావు. నువ్వు కొట్లాడితే ఆ నాలుగూ పోతాయి.”

నిజమే. కొట్లాడేదాన్నే. అంతమాత్రాన ఊరుకోలేదు లెండి.

“సరే, నాలుగే. మరి ఐదోది నేనేనని ఎవరు లెక్క గట్టినారు?”

“నీ పేరు తియ్యలేదక్కా నేను. నీ సంతకం కూడా ఉండాది గదా ఆడ.”

“పేరు తీస్తే నా కంట పడేది. అందుకే కామాలు తీసినావు.”

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నీ క్లాసులు మూడు నెలలు నేనే చెప్పినా. మా ఆయనకు పని లేదు, నీకు తెలుసు. నీకు మీ ఆయన జీతం ఉండాది.”

“చెప్పినావు. నేను మంచం మీద పడుంటే చెప్పినావు. దాన్ని ఇట్లా తిప్పుతావని తెలిసుంటే, కుట్లు పట్టుకుని లేచొచ్చి నేనే చెప్పుకునేదాన్ని.”

ఆ సాయంత్రం ఆమె ముందు బస్సుకు వెళ్లిపోయింది. నేను తర్వాతి బస్సు ఎక్కాను. సీటు దొరికింది. ముందర లారీలేవీ లేవు, బస్సు తొందరగానే పుంగనూరు చేరింది. మా ఆయనకు చెప్తే, “ఒక్క కామాకు ఇంత రాద్ధాంతమా?” అన్నాడు. ఒకటి కాదు, రెండు అన్నాను.

మూడు వారాల తర్వాత క్లర్క్ స్టాఫ్ రూంలోకి ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. నలుగురి అపాయింట్‌మెంట్ ఆర్డరు డ్రాఫ్టు.

“మేడం, కరెస్పాండెంట్ సార్ మీకు ఒకసారి సూపియ్యమన్నాడు. ఇంగ్లీషులో తప్పులుంటే దిద్దాలంట. సంతకం పెట్టేముందు.”

“రాసింది ఎవరు?”

క్లర్క్ నేల చూపులు చూశాడు. “సోషల్ మేడం రాసినారు. వాళ్లకూ ఇంగ్లీషు బాగా వస్తుంది గదా మేడం.”

వెనక్కి పంపించాల్సింది. ‘ఇంగ్లీషు బాగా వచ్చినావిడనే దిద్దుకోమను’ అనాల్సింది. నాలిక మీదికి వచ్చింది కూడా. కానీ ఎర్ర పెన్ను తీశాను. ఎందుకు తీశానో దాచడం దేనికి? తప్పు దొరుకుతుందని తీశాను. ఒక్కటి చాలు, ‘హూ’ ఉండాల్సిన చోట ‘విచ్’, లేకపోతే ‘హూమ్ వి అపాయింటెడ్ దెమ్’ అని ఒక మాట ఎక్కువ. దొరికితే ఎర్రగా సున్నా చుట్టి, కరెస్పాండెంట్ బల్ల మీదికి నేనే తీసుకుపోయేదాన్ని.

మొదటి వాక్యం రెండుసార్లు చదివాను. మూసిన కాలంలో ఫోన్లో క్లాసులు నడిపిన పార్ట్‌టైమ్ టీచర్లు ఇందుమూలంగా పర్మనెంట్ చెయ్యబడ్డారు. ఆ నలుగురికీ వర్తించే వాక్యం, నాకు వర్తించని వాక్యం. కామా ఉండకూడదు, లేదు. మిగతా పేరాలు చదివాను. ‘దట్’ తియ్యాల్సిన చోట తీసింది. పెట్టాల్సిన చోట పెట్టింది. ఒకచోట ‘హూజ్’ వాడింది, నేను ఆమెకు ఎప్పుడో ఒక్కసారి చెప్పినది, అదీ సరిగ్గానే ఉంది.

పీరియడ్ గంట కొట్టారు. క్లర్క్ చెయ్యి చాచి నిలబడ్డాడు.

“తప్పులుండాయా మేడం?”

“లేవు” అన్నాను. కాగితం అంచున ఎర్ర టిక్ పెట్టి ఇచ్చాను. ఏడో తరగతికి వెళ్లాను. ఆ రోజు పాఠం రిలేటివ్ క్లాజ్ కాదు, ఏదో ఒక పద్యం. అయినా రెండుసార్లు మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి చదివాను. ముందు బెంచీ పాప లేచి, “మేడం, నీళ్లు తెచ్చేదా?” అని అడిగింది.