ఈనెలు పడని ఆకులు

చెక్క మీద బొమ్మలు చెక్కే కంప్యూటర్ మిషన్ ఆగగానే బ్రష్‌తో పొట్టు దులిపాను. తలుపు పైభాగంలో ఆకులన్నీ చక్కగా తేలాయి. ఎడమవైపు కిందికి వచ్చేసరికి వాటి అంచులు సన్నబడుతూ పోయాయి. ఆఖరి తొమ్మిది ఆకులకు ఈనెలే పడలేదు. అక్కడ చెక్క రంద పట్టి తెచ్చినప్పుడు ఎంత నున్నగా ఉందో అంతే నున్నగా ఉంది. చెక్కే ములికి, అదే బిట్, దాని మీద గాలిలో తిరిగి వెళ్లిపోయిందన్నమాట.

ఆ రోజు సోమవారం. గురువారం పొద్దునకల్లా ఆ తలుపు చెన్నూరులో నిలబడాలి.

తలుపు చేయించుకుంటున్నామె చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టింది. భర్త పోయాక ఒంటరిగానే రెండు గదుల ఇల్లు కట్టుకుంది. కరీంనగర్‌లో మా ఇంటి ముందున్న రేకుల షెడ్డుకు వచ్చిన రోజు, నేను ఫోన్‌లో నెమళ్లు, ఏనుగులు, కలశాలు వరసగా చూపించాను. దేనికీ తల ఊపలేదు. సంచిలోంచి ఒక తునికాకు తీసి నా చేతిలో పెట్టింది.

"గీ ఆకు చెక్కు చెల్లె. గిది కత్తిరించుకుంటనే గా ఇల్లు లేపిన. తలుపు మీద నెమలి నాకెందుకు?" అంది.

ఆ ఆకును తెల్లకాగితం మీద పెట్టి ఫోటో తీసుకున్నాను. కంప్యూటర్‌లో ఒక్కొక్క ఈనె దిద్ది, తలుపు చుట్టూ తీగలా అల్లాను. అంత ఇష్టంగా నేను అంతకు ముందు ఏదీ గీయలేదు. అందుకే ఆ తొమ్మిది ఆకులు చూడగానే కాళ్లు ఒకచోట నిలవలేదు. షెడ్డు గుమ్మం దాకా పోవడం, వెనక్కి రావడం, మళ్లీ వంగి చూడడం. చూసినంత మాత్రాన ఈనెలు మొలుస్తాయా?

మొదట బిట్‌ను అనుమానించాను. పట్టు వదులైతే పని మధ్యలో అది పైకి జరుగుతుంది, చెక్కకు అందదు. విప్పి, తుడిచి, గట్టిగా బిగించి, ఆ భాగం ఒక్కటే మళ్లీ నడిపించాను. మళ్లీ గాలిలోనే తిరిగింది. తర్వాత ఫైలు తెరిచాను. గీత చివర్లు కలవకపోతే మిషన్ ఆ ఆకును ఆకు అనుకోదు, వదిలేసి పోతుంది. తొమ్మిదింటినీ పెద్దవి చేసి చుట్టూ వెతికాను. ఎక్కడా సందు లేదు. తెర మీద నడిపి చూస్తే అన్ని ఆకులకూ ఈనెలు నిక్షేపంగా పడుతున్నాయి. మిషన్ అమ్మినవాళ్ల మెకానిక్‌కు ఫోన్ చేస్తే శనివారం వస్తానన్నాడు.

మధ్యాహ్నం మస్కట్ నుంచి మా ఆయన వీడియో కాల్ చేశాడు. మిషన్ కొనాలన్న ఆలోచన ఆయనదే. ఆరు నెలల్లో వచ్చి తనే నడుపుతానన్నాడు. ఆరు నెలలు కాస్తా రెండేళ్లయ్యాయి. మెకానిక్ మూడు రోజులు నేర్పిపోయాడు, మిగతాదంతా చెక్కలు చెడగొట్టుకుంటూ నేనే నేర్చుకున్నాను.

"ఫోన్ జర కిందికి పట్టు. ఆఁ, గది ఫైల్ల తప్పే," అన్నాడు.

"ఫైల్ చూసిన. మంచిగనే ఉంది."

"అయితే ఇంకింత లోతు పెట్టు. అయిపాయె గద."

ఆయన ఒక్కసారైనా ఆ మిషన్ బటన్ నొక్కినవాడు కాదు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన మాట విన్నాను. అర మిల్లీమీటరు లోతు పెంచి, ఈసారి తలుపంతా నడిపించాను. ఎడమవైపు గోటితో గీకినట్టు సన్న గీతలు పడ్డాయి. కుడివైపు, అప్పటికే బాగున్న ఆకులోకి బిట్ కసుక్కున దిగింది. ఎర్ర బటన్ కొట్టి ఆపేసరికి ఆ ఆకు నడి ఈనె కాలువైపోయింది.

ఇక మిగిలింది చెక్కే అనుకున్నాను. టేకు ముక్కలు అతికి, రంద పట్టి ఇచ్చింది మా సందు చివర చాచా. దర్వాజాలు చేస్తాడు. మనిషి నెమ్మది. నేను మాత్రం ఆయన షెడ్డు బయటి నుంచే అరిచాను.

"చాచా, నీ చెక్క వంకరున్నది. నా పనంత ఖరాబైంది!"

చాచా చదును చూసే అల్యూమినియం పట్టీ భుజాన వేసుకొని నా వెనకే వచ్చాడు. "స్క్రూలు ఇప్పు," అన్నాడు. విప్పితే చెక్క జరిగిపోతుందని ఒక క్షణం జంకాను. కానీ స్క్రూలు కొట్టింది తర్వాత కోసేసే అంచుల్లోనే, ఆ రంధ్రాల్లోనే మళ్లీ కూర్చోబెట్టొచ్చు. విప్పి, ఇద్దరం తలుపును కిందికి దించాం. చాచా పట్టీని నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించాడు. ప్రతిసారీ వంగి, పట్టీ కింద వెలుతురు కనబడుతుందేమో చూడమని నన్ను పిలిచాడు. ఎక్కడా దారమంత సందు కూడా లేదు.

"దేఖ్ లియే? చూస్తివా?" అన్నాడు. చాయ్ పెడతానన్నా ఆగలేదు. పట్టీ కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక సిగ్గుతో ఏం చేయాలో తోచక ఆ పట్టీ చేతిలోకి తీసుకున్నాను. తలుపు తీసేసిన మిషన్ మీద, తలుపు కింద ఉండే ఎండీఎఫ్ బల్ల, చెక్కపొట్టు అతికి చేసినది, ఖాళీగా కనబడుతోంది. దాని మీద పట్టీ పెట్టాను. పట్టీ ఊగింది. కుడి అంచు దగ్గర, పైమూలన బల్ల ఉబ్బి ఉంది. వేలితో తడిమితే మెత్తగా, చెమ్మగా తగిలింది. ఎండలకు తాళలేక నెల కిందట కూలర్ తెచ్చి కుడివైపు పెట్టుకున్నది నేనే. దాని తుంపర రోజూ బల్ల మీద పడుతూనే ఉంది.

అప్పుడు అంతా అర్థమైంది. కుడివైపు బల్ల లేస్తే దాని మీది తలుపూ లేస్తుంది. నేను నిలబడేది కుడివైపే కాబట్టి, బిట్ చెక్కకు ఎక్కడ ఆనుతుందో అక్కడే చూసి, లోతు లెక్క మొదలయ్యే జీరో పెట్టాను. ఎడమవైపు కింది మూలన చెక్క అంతకన్నా కిందికి ఉండిపోయింది. ఈనెల లోతే ఒక మిల్లీమీటరు, వాలు అంతకన్నా కాస్త ఎక్కువ. బిట్ ఎట్లా అందుతుంది?

పట్టీ పట్టుకొని చాచా దగ్గరికి పోయాను. ఆయన రంద పడుతూనే ఉన్నాడు.

"తప్పు నాదే చాచా. నీ చెక్క సాఫ్‌గ ఉంది. నా బల్లనే ఉబ్బింది. మాఫ్ చెయ్యి."

రంద ఆగింది. "గడ్డం నెరిసింది గీ పనిల. నీ చెక్క వంకరని ఇప్పటిదాక ఎవ్వలనలే బేటీ," అన్నాడు. పట్టీని ఆయన పక్కన గోడకు ఆనించాను. ఆయనే మళ్లీ అన్నాడు, "నీళ్లు తాగిన బల్ల ఇయ్యాల ఒక తీరుంటది, ఎల్లుండి ఒక తీరుంటది. ఇప్పటికి చదును చేసి పని గడుపుకో. తర్వాత పారెయ్యి."

మంగళవారం పొద్దున కూలర్‌ను అవతలికి ఈడ్చేసి, బల్ల నిండా పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీశాను. వెడల్పు బిట్ పెట్టి పైపొర చెక్కించాను. మొదటిసారి కుడివైపు గీతలే పోయాయి. రెండోసారి నడుమవి పోయాయి. మూడోసారి తిరిగాక బల్ల మీద ఒక్క గీత కూడా మిగల్లేదు. తలుపును పాత రంధ్రాల్లోనే బిగించాను. ఈసారి నాలుగు మూలలా బిట్ కింద కాగితం పెట్టి, జరిపి చూశాను. అన్నిచోట్లా ఒకే బిగువు. తొమ్మిది ఆకులు నడుస్తున్నంతసేపు ఎర్ర బటన్ మీంచి చెయ్యి తీయలేదు. ఈనెలు పడ్డాయి. పాత పనీ కొత్త పనీ కలిసేచోట వెంట్రుకంత గీత తేలితే ఉప్పుకాగితంతో రుద్దాను. ఆ కాలువపడిన ఆకును మాత్రం ఏమీ చేయలేకపోయాను.

బుధవారం తలుపుతో పాటు నేనూ ట్రాలీ ఆటోలో చెన్నూరు పోయాను. దారంతా దాని అంచు పట్టుకొనే కూర్చున్నాను. ఆమె అరచేత్తో ఆకులన్నీ తడుముతూ వచ్చి సరిగ్గా ఆ ఆకు దగ్గర ఆగింది.

"గిది నా తప్పు అక్కా. లోతుకు పోయింది," అన్నాను, ఆమె అడగకముందే.

వేలు ఆ కాలువలో పెట్టి చూసింది. "బీడీకైతే చాటలకెల్లి ఏరి పారేద్దును. తలుపాయె. ఉండనియ్యి," అంది. నవ్విందో లేదో తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ వచ్చాను.

ఇల్లు చేరగానే మా ఆయన ఫోన్. జరిగిందంతా చెప్పాను. లోతు పెంచమన్న ఆయన మాటతో ఒక ఆకు పాడైందని కూడా చెప్పాను. 

"ఇంకో రెండేండ్లుండుమంటున్నరు ఇక్కడ," అన్నాడు ఆయన.

"మరి మిషన్ నేనొచ్చి నడుపుతనంటివి?"

"నాకేమొస్తది గది? నువ్వు నేర్సినవ్. వచ్చి నీ దగ్గర నేర్వాల్నా?"

రెండేళ్లుగా ఆయన రాకపోవడానికి నేను ఎన్ని కారణాలు ఊహించుకున్నానో. ఈ నామోషీ మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

"నేర్వు. ఏమైతది? నాకెవ్వలు నేర్పిన్రు?"

"చూస్త," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కూర్చోబుద్ధి కాలేదు. షెడ్డు తెరిచి, చాచా పారెయ్యమన్న ఆ బల్ల స్క్రూలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.