ఉత్తది యాడ?

ఆయన పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం ప్రింటు తీసుకుంటున్నాను. పుత్తూరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయన పోయినాడు" అంది. ప్రింటరు కాగితాలు వదులుతూనే ఉంది. నాకు దుఃఖం కన్నా ముందు భయం వేసింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది దాచిపెట్టి ఆయన గురించి ఇంకేం రాసినా లాభం లేదు.

ఆయన తిరుపతిలో మా పశువైద్య కళాశాల ల్యాబు టెక్నీషియన్. అందరం పెద్దాయన అనేవాళ్లం. మైనంలో దించిన తోలు ముక్కను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి స్లైడు మీదికి ఎక్కించడం ఆయన పని. కోసేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, లేదంటే పొర ఎగిరిపోతుంది. మే నెలలోనూ అంతే. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయేది. మేము గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. "మీరెందుకప్పా బిగబడతారు, కత్తి నా సేతిలో కదా ఉండాది" అని నవ్వేవారు.

గొర్రె తోలులో రోగాన్ని ఎదిరించే కణాలు ఎక్కడెక్కడ చేరాయో గుర్తుపట్టడం నా పని. అందుకు యాంటీబాడీ వాడతాం. అది తనకు తెలిసిన కణాన్నే పట్టుకుంటుంది. పట్టుకున్నచోట గోధుమరంగు తేలేలా, మిగతా తోలంతా నీలంగా కనిపించేలా చేస్తాం. చిక్కేమిటంటే, ఆ రంగు వేరే కారణాలతోనూ వస్తుంది. అందుకని ప్రతి గొర్రెకూ ఒక స్లైడు మీద యాంటీబాడీ వేయకుండా, మిగతా పనంతా మామూలుగా చేయాలి. దాని మీద గోధుమరంగు రాకూడదు. వచ్చిందా, మిగతా స్లైడ్లు చెప్పేదేదీ నమ్మడానికి లేదు. పుస్తకాల్లో దాని పేరు నెగెటివ్ కంట్రోల్. పెద్దాయనకు అది 'ఉత్తది'. అంచున పెన్సిలుతో 'ఉ' అని రాసి పెట్టేవారు.

మొదటి ఏడాది ఒకసారి నా స్లైడ్ల నిండా గోధుమరంగు చూసి ఎగిరి గంతేశాను. గైడు మేడంకు చూపించాలని పరిగెత్తబోతుంటే ఆయన అడ్డం వచ్చారు.

"ఉత్తది యాడ అమ్మణ్ణీ?"

"ఒక్క తూరికి ఏమైతాది పెద్దాయనా?"

"ఏమీ కాదులే. అదొకటి చేసినంక పో."

సణుక్కుంటూనే చేశాను. ఉత్తదీ గోధుమరంగే!

"సూడు, ఆ గొర్రె నల్లది గదా. ఆ రంగు దాని ఒంట్లోదే, నువ్వు తెప్పించింది కాదు" అన్నారు. నా కళ్లలో నీళ్లు చూసి గొంతు తగ్గించారు. "ఏడ్సబాకు. ఇప్పుడు తెలిసింది, మంచిదే. అచ్చేసినంక తెలిసుంటే?"

ఈ ఏడాది ఆయన మంచం పట్టారు. అప్పటికే నా చివరి ఎనిమిది గొర్రెల స్లైడ్లు కోసి ఇచ్చారు. అవి పుండ్లు పడ్డ తోళ్లు. పుండులో రక్తం ఉంటుంది, ఆ రక్తమూ గోధుమరంగు పుచ్చుకోగలదు. ఉత్తది లేకుండా వాటి జోలికే పోకూడదు. కానీ చేతిలో ఉన్న స్లైడ్లు చాలలేదు. కోయడం నాకు చేతకాదు. గడువు చూస్తే ముంచుకొస్తోంది. ఉన్నవాటన్నిటి మీదా యాంటీబాడీ వేసేశాను. నా నాలుగో అధ్యాయమంతా ఆ ఎనిమిది గొర్రెలే.

ఆయన్ను చూడ్డానికి పుత్తూరు వెళ్లాను. దిండుకు ఆనుకుని కూర్చుని మొట్టమొదట అదే అడిగారు.

"ఉత్తది పెట్నావా?"

"పెట్టినాను పెద్దాయనా."

ఏదో చెప్పబోయి ఆగిపోయారు. కాసేపు నా మొహం చూశారు. "సరేలే. కాఫీ తాగి పో" అన్నారు. అదే ఆఖరు చూపు. ఆ తర్వాత మేడం మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లినప్పుడల్లా నా స్లైడ్ల పెట్టె మూసి పక్కకు జరిపేదాన్ని. ఆయన కోలుకుని వస్తే నిజం చెప్పేద్దామని, రాకముందే థీసిస్ ఇచ్చేద్దామని, రెండు ఆలోచనలూ ఒకే రోజు వచ్చేవి.

అంత్యక్రియలైన మర్నాడు ల్యాబులో ఆయన సొరుగు నన్నే సర్దమన్నారు మేడం. పొరలు ఎత్తే కుంచె, పెన్సిలు ముక్కలు, వాటి వెనక ఒక అట్టపెట్టె. మూత మీద 'అమ్మణ్ణికి' అని ఉంది. లోపల ఎనిమిది స్లైడ్లు. ఎనిమిదింటి అంచునా 'ఉ'.

చేతికి ఇస్తే అన్నీ వాడేస్తానని తెలిసి వీటిని విడిగా దాచారు. ఆ రోజు చెప్పబోయింది ఈ సొరుగు సంగతే. పెట్టినాను అని నేను అన్న క్షణమే అది అబద్ధమని ఆయనకు తెలిసిపోయింది. తెలిసే కాఫీ ఇప్పించారు.

ఆ ఎనిమిదీ చేశాను. రెండింటిలో గోధుమరంగు తేలింది. మేడం దగ్గరికి వెళ్లి, ఆయనతో ఆడిన అబద్ధంతో సహా అంతా చెప్పాను. "ఆ రెండు గొర్రెలూ తీసేయ్. అధ్యాయం మళ్లీ రాయి" అన్నారు. గడువు పొడిగిస్తారో లేదో ఇంకా తెలియదు. భయం పోలేదు గానీ, ఇప్పుడది గడువు గురించిన భయమే.

ఇది రాసే ముందు ఆఖరి ఉత్తదాన్ని మరోసారి మైక్రోస్కోపు కింద పెట్టాను. తోలంతా నీలం. గోధుమరంగు చుక్క ఒక్కటి లేదు. ఎంతసేపు చూశానో, మెడ మీద చెమట కారుతుంటే తలెత్తాను. కోసేదేమీ లేకపోయినా, లోపలికి రాగానే ఫ్యాను ఆపేసి ఉన్నాను.