ఖాళీ చేసిన బియ్యం అర్ర

ఏడాదికి సరిపడా బియ్యం మిర్యాలగూడ మిల్లు నుంచి ఒక్కసారే తెప్పించుకునుడు మా ఇంట్ల అలవాటు. సూర్యాపేటల మా కిరాయి ఇంట్ల ఉన్న చిన్న అర్ర నిండా బస్తాలే. తక్కువ సామానుతో నిమ్మళంగ బతుకుదామని పోయినేడు ఆ అలవాటు మానేసిన. నెలకు సరిపోయేటియే కొని, అర్ర ఖాళీ చేసి, కిటికీ పక్కన చాప పరిచిన. పొద్దున కాసేపు ఏ పనీ లేకుండ అక్కడ కూసోవాలని నా ఆశ.

కూసున్న. కానీ కిటికీ దిక్కు చూస్తే ఒట్టు. డబ్బల బియ్యం ఎన్నున్నయి? ఎవరన్నా చెప్పకుండ వస్తే ఎట్ల? లేచి మూత తీసి చూసొచ్చేదాన్ని. మళ్లీ లేచేదాన్ని. దుకాణం ఇంటి ఎదురుంగనే ఉంది, అయినా మనసంత ఆ డబ్బ మీదనే. నా మీద నాకే చిరాకు.

కోదాడ నుంచి వచ్చిన అమ్మ ఖాళీ అర్ర చూసింది. తిరిగి బస్టాండుకు బయలుదేరుతూ, "ఎదురు దుకాణంల ఒక బస్తా చెప్పిన, తెచ్చి ఏస్తరు" అన్నది.

"నాకొద్దంటే వినవా అమ్మా?" అని గట్టిగనే అరిచిన.

బస్తా వచ్చింది. కోపంగ దాన్ని ఖాళీ అర్రల గోడకు జరిపి, ఆయాసంతో దానికే ఒరిగి కూలబడ్డ. ఎదురు డాబా మీద ఎవరో మిరపకాయలు ఎండబోస్తున్నరు. ఇన్ని నెలల్ల ఆ కిటికీలకెళ్లి నేను బయటికి చూసుడు అదే మొదలు.